కడుపుబ్బరానికి ఆరు వారాల పథ్యం

"గ్యాస్ ట్రబుల్" అనే మాటకి మన ఇళ్ళలో ఉన్నంత వాడకం మరే జబ్బు పేరుకీ లేదు. అన్నం తినగానే పొట్ట ఉబ్బితే గ్యాస్. త్రేన్పులు వస్తే గ్యాస్. నడుం పట్టేస్తే గ్యాస్. తలనొప్పి వచ్చినా "గ్యాస్ తలకెక్కిందండీ" అనేవాళ్ళున్నారు. పేగుల్లోని గాలి తలకెక్కే దారి మన శరీరంలో ఎక్కడా లేదు.

ఈ అలవాటులో ప్రమాదం ఒకటుంది. అసలు విషయంలోకి వెళ్ళేముందే దాన్ని చెప్పాలి. నలభై దాటినవాళ్ళకి, ముఖ్యంగా షుగరూ, బి.పి.ఉన్నవాళ్ళకి, సిగరెట్లు తాగేవాళ్ళకి, గుండెల మీద బండ పెట్టినట్టు బరువుగా ఉండి, చెమటలు పట్టి, ఆ నొప్పి ఎడమ చేతిలోకో, దవడలోకో పాకితే దాన్ని గ్యాస్ అనుకోకండి. సోడా తాగి, జీలకర్ర నమిలి, "తెల్లారాక చూద్దాం" అని పడుకోబెట్టకండి. వెంటనే ఇ.సి.జి. తీసే ఆస్పత్రికి తీసుకెళ్ళండి. షుగరున్నవాళ్ళకి అసలు నొప్పే లేకుండా, ఒట్టి ఆయాసంతోనో, పొట్ట పైభాగంలో మంటతోనో గుండెపోటు రావచ్చు. గ్యాసే అయితే ఓ ఇ.సి.జి. కాగితం ఖర్చయిందనుకోండి, అంతే.

ఇక అసలు గ్యాస్ సంగతి.

నెలల తరబడి, ఏళ్ళ తరబడి కడుపుబ్బరంతో, మెలిపెట్టే నొప్పితో, ఓ వారం విరేచనాలూ ఓ వారం మలబద్ధకంతో బాధపడుతూ, స్కానింగులూ ఎండోస్కోపీలూ చేయించుకుని, "మీకేమీ లేదు, అన్నీ నార్మలే" అనిపించుకున్నవాళ్ళు చాలామంది ఉంటారు. వీళ్ళలో ఎక్కువమందికి ఉండే జబ్బుని ఇర్రిటబుల్ బవెల్ సిండ్రోమ్, పొట్టిగా ఐ.బి.ఎస్. అంటారు. పేగులో పుండు ఉండదు, గడ్డ ఉండదు. పేగు చూడటానికి బాగానే ఉంటుంది, కాని దాని నరాలు మరీ సున్నితంగా ఉంటాయి. పక్కింటాయన పేగుకి తెలియని సాగుడు వీళ్ళ పేగుకి నొప్పిగా తెలుస్తుంది. "అన్నీ నార్మలే" అన్నంత మాత్రాన రోగి నటిస్తున్నాడని ఇంట్లోవాళ్ళు అనుకోకూడదు. ఆ నొప్పి నిజమైన నొప్పే.

ఐ.బి.ఎస్. అని చెప్పడానికి డాక్టర్లకి ఒక కొలత ఉంది. గడిచిన మూడు నెలల్లో సగటున వారానికి ఒక రోజయినా కడుపునొప్పి రావాలి. ఆ నొప్పికీ మలవిసర్జనకీ సంబంధం ఉండటం, విరేచనం ఎన్నిసార్లవుతోందన్నదాంట్లో మార్పు, ఎలా అవుతోందన్నదాంట్లో మార్పు, ఈ మూడింటిలో కనీసం రెండు ఉండాలి. ఈ బాధ మొదలై కనీసం ఆరు నెలలు అయ్యుండాలి. నిన్న పెళ్ళిభోజనం తిని ఇవాళ ఉబ్బితే అది ఐ.బి.ఎస్. కాదు, పెళ్ళిభోజనమే.

ఈ జబ్బుకి కొంతకాలంగా ఒక పథ్యం వాడుకలోకి వచ్చింది. ఆస్ట్రేలియాలో మెల్బోర్న్ నగరంలోని మొనాష్ విశ్వవిద్యాలయం వాళ్ళు దీన్ని పెంచి పెద్దచేశారు. పీటర్ గిబ్సన్ అనే వైద్యుడూ, స్యూ షెపర్డ్ అనే ఆహార నిపుణురాలూ 2005లో ఈ పద్ధతికి మూలమైన ఆలోచనని వైద్య పత్రికలో ప్రకటించారు. దాని పేరు "లో ఫాడ్‌మ్యాప్ డైట్". ఇప్పుడు ఎవరి సెల్‌ఫోనులో చూసినా ఇదే కనిపిస్తోంది. తినకూడని వాటి పట్టిక ఒకటి ఎవరో పంపుతారు, ఇంకెవరో దాన్ని వంటింటి గోడకి అంటిస్తారు. ఆ ఇంట్లో మనిషి సంవత్సరం తర్వాత చిక్కి సగమై వస్తాడు. పట్టికలో తప్పేమీ లేదు. అది ఎన్నాళ్ళు పాటించాలో, ఎప్పుడు విడవాలో ఆ కాగితం మీద ఉండదు, అదీ చిక్కు.

ఫాడ్‌మ్యాప్ అంటే ఏమిటి?

మనం తినే పిండిపదార్థాలలో కొన్ని జాతుల చక్కెరలున్నాయి. ఇవి చిన్నపేగులో సరిగా ఇంకవు. వాటి ఇంగ్లీషు పేర్ల మొదటి అక్షరాలన్నీ కలిపి ఫాడ్‌మ్యాప్ అన్నారు. ఆ పేర్లు బట్టీపట్టక్కర్లేదు, ఏవి ఎక్కడుంటాయో తెలిస్తే చాలు. ఉల్లిపాయ, వెల్లుల్లి, గోధుమల్లో ఫ్రక్టాన్లు ఉంటాయి. కందిపప్పు, శనగలు, అలసందలు, రాజ్మా, ఉలవల వంటి పప్పుధాన్యాల్లోనూ, జీడిపప్పు, పిస్తాల్లోనూ గాలక్టాన్లు ఉంటాయి. పాలల్లో లాక్టోజ్. మామిడిపండు, తేనె, ఆపిల్, పుచ్చకాయల్లో ఫ్రక్టోజ్ అనే పండ్ల చక్కెర మోతాదుకి మించి ఉంటుంది. కాలీఫ్లవరు, పుట్టగొడుగుల్లో మానిటాల్; "షుగర్ ఫ్రీ" అని రాసిన మిఠాయిల్లో, చూయింగ్ గమ్ముల్లో సార్బిటాల్.

వీటిలో ఫ్రక్టాన్లనీ గాలక్టాన్లనీ విడగొట్టే జీర్ణరసం మనుషులెవ్వరికీ లేదు. కోటీశ్వరుడికీ లేదు, పహిల్వానుకీ లేదు. లాక్టోజ్‌ని విడగొట్టే లాక్టేజ్ మాత్రం పసిపిల్లలందరికీ ఉంటుంది. పెద్దయ్యాక చాలామందికి తగ్గిపోతుంది. ఈ తగ్గుదల ఉత్తరాది వాళ్ళలో కంటె మన దక్షిణాది వాళ్ళలో ఎక్కువ. 1981లో ప్రచురించిన ఒక పరిశోధనలో, పరీక్షించిన దక్షిణాది వాళ్ళలో మూడింట రెండు వంతుల మందికి లాక్టోజ్ సరిగా జీర్ణం కాలేదు.

ఇలా జీర్ణం కాని చక్కెరలు రెండు పనులు చేస్తాయి. చిన్నపేగులో ఉన్నప్పుడు నీటిని లాగుతాయి, పేగు నీటితో నిండుతుంది. అక్కణ్ణుంచి పెద్దపేగుకి చేరగానే అక్కడ కాపురం ఉంటున్న కోటానుకోట్ల సూక్ష్మజీవులు వాటిని పులియబెడతాయి. రాత్రి రుబ్బిన ఇడ్లీపిండి తెల్లారేసరికి గిన్నెలో పొంగుతుంది కదా, అలాంటిదే ఇది. హైడ్రోజను, బొగ్గుపులుసు వాయువు, కొందరిలో మీథేను పుడతాయి. పేగు సాగుతుంది.

ఇది అందరికీ జరుగుతుంది. ఇంగ్లండులో నాటింగ్‌హామ్ పరిశోధకులు ఆరోగ్యవంతులకీ ఐ.బి.ఎస్. వాళ్ళకీ ఇలాంటి చక్కెరలు తాగించి ఎం.ఆర్.ఐ. స్కానులో చూశారు. ఆ ఫలితాలు 2017లో వచ్చాయి. ఇద్దరి పేగుల్లోనూ నీరూ గాలీ ఇంచుమించు ఒకేలా పెరిగాయి. బాధ మాత్రం ఐ.బి.ఎస్. వాళ్ళకే ఎక్కువ. కనక ఉల్లిపాయ విషం కాదు, కందిపప్పు శత్రువూ కాదు. సున్నితమైన పేగుకి కొన్నాళ్ళు బరువు తగ్గించడం, అదే ఈ పథ్యం చేసే పని.

పనిచేస్తుందా అంటే, చేస్తుంది, అందరికీ కాదు. 2014లో మెల్బోర్న్‌లోనే 30 మంది ఐ.బి.ఎస్. రోగులకి 21 రోజులు మామూలు ఆస్ట్రేలియా భోజనం, మరో 21 రోజులు ఈ పథ్యపు భోజనం పెట్టి చూశారు. బాధని 100 మార్కులకి కొలిస్తే మామూలు భోజనంలో 45 దాకా ఉన్నది పథ్యంలో 23కి దిగింది. మర్నాటి సంవత్సరం స్వీడన్‌లో 75 మంది మీద ఇంకో పరీక్ష జరిగింది. సగంమందికి ఈ పథ్యం, సగంమందికి పాతకాలపు సలహాలు: వేళకి తినండి, కొంచెం కొంచెంగా తినండి, కొవ్వూ కారం కాఫీ తగ్గించండి, నెమ్మదిగా నమలండి అని. నాలుగు వారాల తర్వాత చూస్తే రెండు వర్గాల్లోనూ సుమారు సగంమందికి తగ్గింది!

అంచేత నా సలహా ఏమంటే, ముందు ఆ పాత సలహాలే ఒక నెల పాటించండి. రాత్రి పదిన్నరకి పొట్ట నిండా తిని వెంటనే పక్క ఎక్కేవాళ్ళకి ఏ ఆస్ట్రేలియా పథ్యమూ పనిచెయ్యదు. పచ్చిమిరపకాయ బజ్జీల్లో ఫాడ్‌మ్యాప్ ఎంతుందని అడిగి ప్రయోజనం లేదు; మిరపకారం తనంతట తానే సున్నితమైన పేగుని మండిస్తుంది, నూనె వేరే పని చేస్తుంది. వేళ సరిచేసుకుని, కారం నూనెలు తగ్గించి, రోజూ అరగంట నడిచినా బాధ తగ్గకపోతే అప్పుడు ఈ పథ్యం సంగతి చూడండి.

మొదలుపెట్టే ముందు

కొన్ని లక్షణాలుంటే పథ్యం మాట పక్కనపెట్టి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. మలంలో రక్తం పడటం, కారణం లేకుండా బరువు తగ్గటం, రక్తహీనత, జ్వరం, నిద్రలోంచి లేపేసే నొప్పి లేదా విరేచనాలు, ఆగని వాంతులు, యాభై దరిదాపుల్లో కొత్తగా మొదలైన బాధ, ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సరు ఉండటం. వీటిలో ఏ ఒక్కటున్నా అది ఐ.బి.ఎస్. అని ఎవరికి వారు తేల్చుకోకూడదు. మన దేశంలో పేగుల క్షయ ఉంది, అమీబియాసిస్ ఉంది, జియార్డియా ఉంది. వీటికి మందులున్నాయి. మందున్న జబ్బుకి ఉల్లిపాయ మానేసి కూర్చుంటే ఏం లాభం?

ఆడవాళ్ళకి ఇంకో మాట. యాభై దాటాక కొత్తగా పొట్ట ఉబ్బరం మొదలై, వారాల తరబడి తగ్గకుండా, కాస్త తినగానే పొట్ట నిండినట్టుంటే ఒకసారి అండాశయాలకి స్కానింగు చేయించుకోవాలి. అండాశయ క్యాన్సరు తొలిరోజుల్లో ఇలాగే కనిపిస్తుంది. "గ్యాసేలే" అని నెలలు గడిపేస్తే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టవుతుంది.

గోధుమలు మానేముందు సీలియాక్ జబ్బుకి రక్తపరీక్ష చేయించుకోండి. గోధుమలోని గ్లూటెన్ పడని జబ్బు అది. అందులో గోధుమ జీవితాంతం మానాలి. ముందే గోధుమలు మానేసి తర్వాత పరీక్షకి వెళితే, జబ్బు ఉన్నా రక్తంలో కనిపించకపోవచ్చు. "మేం గ్లూటెన్ మానేశాం, హాయిగా ఉంది" అని ఈమధ్య పట్నాల్లో చాలామంది అంటున్నారు. సీలియాక్ లేనివాళ్ళలో ఆ హాయి చాలామటుకు గ్లూటెన్ మానడం వల్ల వచ్చింది కాదు. 2018లో ఓస్లో విశ్వవిద్యాలయం వాళ్ళు గ్లూటెన్ పడదనుకునే 59 మందికి, ఏది పెడుతున్నారో చెప్పకుండా, గ్లూటెన్ ఒకసారీ ఫ్రక్టాన్ ఒకసారీ పెట్టి చూస్తే ఎక్కువ బాధ ఫ్రక్టాన్‌తోనే వచ్చింది.

ఇక మీరు వేసుకునే మందులు చూసుకోండి. షుగరుకి వాడే మెట్‌ఫార్మిన్ చాలామందికి కడుపుబ్బరం, విరేచనాలు తెస్తుంది. వోగ్లిబోస్, అకార్బోస్ అనే షుగరు మాత్రలు పిండిపదార్థాన్ని చిన్నపేగులో విరగకుండా ఆపుతాయి. ఆ పిండి పెద్దపేగుకి చేరి పులుస్తుంది, అంటే అన్నాన్నే ఫాడ్‌మ్యాప్‌గా మార్చేస్తాయన్నమాట. మలబద్ధకానికి వాడే లాక్టులోజ్ సిరప్పూ అలాంటి చక్కెరే. కొన్ని దగ్గుమందుల్లో తీపికి సార్బిటాల్ కలుపుతారు. ఈ మాత్రలు మీ అంతట మీరు ఆపకండి. రాసిన డాక్టరుకి చెప్పండి, మోతాదు మార్చడమో, నెమ్మదిగా కరిగే రకం ఇవ్వడమో చేస్తారు. ఒక్క మాత్ర మారిస్తే పోయే ఉబ్బరానికి వంటింటినంతా తలకిందులు చెయ్యడం దేనికి?

"గ్యాస్ మాత్ర" అని పరగడుపున రోజూ వేసుకునేవి కూడా చెప్పాలి. అవి పొట్టలో ఆమ్లాన్ని తగ్గించే మాత్రలు. గుండెల్లో మంటకి పనికొస్తాయి. పెద్దపేగులో పులిసే గాలికీ వాటికీ సంబంధం లేదు. ఏళ్ళ తరబడి వాటిని పేపరు పాలతో సమానంగా తెప్పించుకుంటున్న కుటుంబాలున్నాయి.

బరువు తక్కువున్నవాళ్ళు, గర్భిణులు, పిల్లలు, బాగా పెద్దవయసువాళ్ళు, ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు డాక్టరూ ఆహార నిపుణులూ దగ్గరుండి చూడకుండా ఈ పథ్యం చెయ్యకూడదు.

మొదటి అంకం: మానడం

ఇది రెండు నుంచి ఆరు వారాలు. అంతకి మించి ఒక్కరోజు కూడా వద్దు. క్యాలెండరు మీద ఆఖరి తేదీ చుట్టూ ఎర్ర సిరాతో గీత గీసి మరీ మొదలుపెట్టండి.

మన తెలుగువాళ్ళకి ఒక అదృష్టం ఉంది. మన ప్రధానాహారం బియ్యం. బియ్యంలో ఈ చక్కెరలు లేనట్టే. జొన్నలు, రాగులు కూడా మంచివే. బంగాళాదుంప, వంకాయ, బెండకాయ, క్యారెట్, టమాటా, పాలకూర పేచీ పెట్టవు. బొప్పాయి, కమలా, బాగా పండిన జామ తినవచ్చు; పచ్చిజామకాయ వద్దు. అరటిపండు గట్టిగా ఉన్నది మంచిది, మచ్చలు పడి మెత్తబడిన దాంట్లో ఫ్రక్టాన్లు పెరుగుతాయి. వేరుశనగపప్పు ఓ గుప్పెడు తినవచ్చు, జీడిపప్పు కూడదు. కోడిగుడ్డు, చేప, మాంసాలలో ఈ చక్కెరలు ఉండవు, కాని వాటి మసాలాలో ఉంటాయి. అల్లం, పసుపు, జీలకర్ర, మిరియాలు, ధనియాలతో ఇబ్బంది లేదు. బెల్లం, పంచదార కొద్దిగా వాడుకోవచ్చు, తేనె మానండి. తేనె ఆరోగ్యమని పొద్దున్నే గోరువెచ్చటి నీళ్ళలో కలుపుకు తాగేవాళ్ళకి ఈ మాట రుచించదు.

మనకి కష్టమంతా ఉల్లి, వెల్లుల్లి, పప్పు, పాలు.

"ఉల్లిపాయ ముక్కలు తీసి పక్కన పెట్టే తింటున్నానండీ, అయినా తగ్గడం లేదు" అని ఒకావిడ ఓ.పి.లో అడిగింది. "సాంబార్లోవే కదమ్మా?" అన్నాను. సాంబార్లోవే. ఫ్రక్టాన్ నీళ్ళలో కరుగుతుంది. పులుసులోనో సాంబార్లోనో ఉల్లిపాయ ఉడికిందంటే దానిలోని ఫ్రక్టాన్ రసంలోకి దిగిపోయింది. ముక్క తీసి పారేసినా ఒకటే, తిన్నా ఒకటే. కాని నూనెలో అది కరగదు. ఈ ఒక్క రహస్యం తెలిస్తే పథ్యంలో సగం చప్పదనం పోతుంది. నూనె కాచి, నాలుగు వెల్లుల్లి రేకలు ఎర్రగా వేయించి, రేకల్ని తీసి పారేసి, ఆ నూనెతో తాలింపు పెట్టండి. వాసన వస్తుంది, ఫ్రక్టాన్ రాదు. తాలింపు మిగతా వంటలో పడకముందే రేకలు తియ్యాలి సుమా! ఆ నూనె చేసి రోజుల తరబడి సీసాలో నిలవ ఉంచకండి, ఏ పూటకాపూట చేసుకోండి.

ఉల్లిపాయకి బదులు ఉల్లికాడల్లో పచ్చటి ఆకు భాగం వాడుకోండి, కింద తెల్లగడ్డ వద్దు. ఇంగువ మన పెద్దవాళ్ళు ఉల్లి వెల్లుల్లి తినని రోజుల్లో వాడేదే, ఇప్పుడు ఆస్ట్రేలియా వాళ్ళూ అదే చెబుతున్నారు. బజారులో దొరికే ఇంగువపొడిలో గోధుమపిండి కలుపుతారు. చిటికెడులో ఆ పిండి లెక్కలోకి రాదు. సీలియాక్ జబ్బున్నవాళ్ళు మాత్రం బియ్యప్పిండి కలిపింది అడిగి కొనుక్కోవాలి. అల్లం వెల్లుల్లి ముద్ద మానేసి ఒట్టి అల్లం నూరుకోండి. కారప్పొళ్ళూ, చారుపొళ్ళూ, ఊరగాయలూ వెల్లుల్లి లేనివి చూసుకోండి.

పప్పు గట్టిగా కలుపుకు తినడం ఈ కొన్నివారాలు మానాలి. పూర్తిగా మానలేని శాకాహారులు పెసరపప్పుని నాలుగైదు గంటలు నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ మంచినీళ్ళలో ఉడికించి, ఉడికిన పప్పు పావుకప్పుకి మించకుండా తినండి. గాలక్టాన్లు కొంత ఆ నానిన నీళ్ళతో పోతాయి. ఇడ్లీపిండి రాత్రంతా పులిసినప్పుడు మినప్పప్పులోని ఈ చక్కెరల్లో కొంతభాగాన్ని గిన్నెలోని సూక్ష్మజీవులే తినేస్తాయి. అందుకే రెండు మూడు ఇడ్లీలు చాలామందికి పడతాయి. మరి పక్కనున్న సాంబారు పడదు. వేరుశనగ చట్నీ వెల్లుల్లి లేకుండా చేసుకోండి. ఉప్మా కావాలంటే గోధుమరవ్వకి బదులు బియ్యపు రవ్వతో చేసుకోవచ్చు.

పెసరట్టు ఉప్మా సంగతి అడుగుతారని తెలుసు. పెసలు, గోధుమరవ్వ, పైన చల్లిన ఉల్లిపాయలు: మూడు రకాలూ ఒకే పళ్ళెంలో! ఈ ఫలహారాన్ని కనిపెట్టినవాళ్ళ మీద నాకు ఎంతో గౌరవం, కాని ఈ ఆరు వారాలూ అది వద్దు.

ఇందులోనే ఇంకో సంగతి అర్థం చేసుకోవాలి. "నిన్న ఇదే తిన్నానండీ, ఏం కాలేదు, ఇవాళ ఉబ్బింది" అంటారు. ఈ చక్కెరల లెక్క విడివిడిగా కాదు, మొత్తంగా చూడాలి. నిన్న ఒక్క చపాతీ తిన్నారు. ఇవాళ అదే చపాతీతో శనగల కూర, పైన మామిడిపండు, ఆపైన గ్లాసుడు పాలు. చపాతీ నిన్నటిదే, పళ్ళెం మాత్రం నిన్నటిది కాదు.

పాలు, పాయసం, కోవా మిఠాయిలు, ఐస్‌క్రీము ఆపండి. కాఫీలో రెండు మూడు చెంచాల పాలు పోసుకోవచ్చు. నగరాల్లో లాక్టోజ్ తీసేసిన పాలు దొరుకుతున్నాయి. పెరుగు లేనిదే అన్నం ముగియని జాతి మనది. రెండు చెంచాల పెరుగు చిలికి పలచటి మజ్జిగ చేసుకుని కలుపుకోండి. నెయ్యిలో లాక్టోజ్ లేనట్టే, ఒక చెంచాకి భయపడక్కర్లేదు. పీచు తగ్గి మలబద్ధకం వస్తే ఇసాబ్‌గోల్ వాడుకోండి. అది పెద్దపేగులో అంతగా పులవదు, ఐ.బి.ఎస్.కి మేలు చేస్తుంది కూడా.

ఇంట్లో ఒకరికి పథ్యమైతే రెండు వంటలు వండలేక ఇల్లాలు సతమతమవుతుంది. ఆ ఇల్లాలికే జబ్బయితే అసలు పథ్యమే ఉండదు, అందరూ తిన్నాక మిగిలిన సాంబారే ఆమె భోజనం. దీనికి ఉపాయం: కూర ఉల్లి వెల్లుల్లి లేకుండా వండి, పథ్యం మనిషి వాటా ముందు తీసిపెట్టి, మిగిలినవాళ్ళకి ఉల్లిపాయలు విడిగా వేయించి కలపండి. ఆరు వారాలు మగవాళ్ళు ఆ మాత్రం సర్దుకోలేరా?

రెండో అంకం: విడవడం

ఇదే ముఖ్యం, దీన్నే అందరూ వదిలేస్తారు. నాలుగు వారాలకి పొట్ట తేలికపడిందంటే మళ్ళీ ఉల్లిపాయ ముట్టుకోవడానికి భయం వేస్తుంది. ఆ భయంతో అలాగే ఉండిపోతారు. ఫ్రక్టాన్లూ గాలక్టాన్లూ పెద్దపేగులోని మేలుచేసే సూక్ష్మజీవులకి ఆహారం. లండన్ కింగ్స్ కాలేజీ పరిశోధకులు 2012లో చూపించారు, ఈ పథ్యం నాలుగు వారాలు చేసేసరికే బైఫిడో బాక్టీరియా అనే మంచిజాతి తగ్గిపోయింది. పప్పూ పాలూ రెండూ మానేసిన శాకాహారికి మాంసకృత్తులూ కాల్షియమూ ఎక్కణ్ణుంచి వస్తాయి? ఇక నలుగురిలో కూర్చుని తినలేక, బంధువుల ఇంటికి వెళ్ళలేక, ప్రతి ముద్దనీ అనుమానించే స్థితి పేగుజబ్బుకంటే పెద్దజబ్బు.

ఒకవేళ ఆరు వారాలు నిష్ఠగా చేసినా ఏమీ తగ్గలేదనుకోండి, అదీ ఒక ఫలితమే. మీ బాధకి కారణం ఈ చక్కెరలు కావు. మర్నాడే మామూలు భోజనానికి వచ్చేసి డాక్టరుని కలవండి. వేరే వైద్యం ఉంది.

తగ్గినవాళ్ళు ఇలా చెయ్యండి. పథ్యం భోజనం అలాగే ఉంచి, ఒక్కో జాతినే పరీక్షకి పెట్టండి. గోధుమలతో మొదలుపెడదాం. మొదటిరోజు ఒక చపాతీ, రెండోరోజు రెండు, మూడోరోజు మూడు. ఏమైందో నోటుపుస్తకంలో రాయండి. బాధ వస్తే అక్కడితో ఆపండి. తర్వాత రెండు మూడు రోజులు మళ్ళీ పాత పథ్యం, పేగు కుదుటపడాలి. ఆ తర్వాత పాలు: అరకప్పు, ముప్పావు, కప్పు. ఆ తర్వాత కందిపప్పు. ఆ తర్వాత మామిడిపండు, కాలీఫ్లవరు. ఉల్లిపాయనీ వెల్లుల్లినీ వేర్వేరుగా చూడండి. రెండింట్లోనూ ఫ్రక్టానే ఉన్నా వెల్లుల్లిలో చాలా ఎక్కువ, ఉల్లిపాయ పావుముక్క పడినవాళ్ళకి వెల్లుల్లి పడకపోవచ్చు. ఒక జాతి పరీక్షలో నెగ్గినా, అన్ని పరీక్షలూ అయ్యేదాకా దాన్ని రోజువారీ భోజనంలో చేర్చకండి, లెక్క తప్పుతుంది. ఇదంతా అయ్యేసరికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది.

ఆ పుస్తకంలో రోజూ నాలుగు సంగతులు రాస్తే చాలు: ఏం తిన్నారు, ఎంత తిన్నారు, బాధ పదికి ఎంత, విరేచనం ఎన్నిసార్లు. పరీక్షల ముందురోజో, ఇంట్లో గొడవ జరిగిన రోజో అయితే అదీ రాయండి. మనసుకీ పేగుకీ మధ్య నరాల రాకపోకలు చాలా ఉన్నాయి. ఆ రోజు వచ్చిన నొప్పిని చపాతీ నెత్తిన రుద్దకూడదు.

చాలామందికి తేలేది ఏమిటంటే, ఐదారు జాతుల్లో ఒకటో రెండో మాత్రమే పడవు, అవి కూడా ఒక మోతాదు దాటితేనే. ఒకరికి పాలు పడతాయి, ఉల్లి పడదు. ఇంకొకరికి చపాతీ రెండు దాకా సరే, మూడోది కాదు. ఆ పడనిది తగ్గించుకుని మిగతావన్నీ తినండి. పడనివాటిని కూడా ఆర్నెల్లకోసారి కొద్దిగా తిని చూడండి, పేగు తీరు మారుతూ ఉంటుంది.

కొన్ని ప్రయోగశాలలు ఒక్క రక్తపరీక్షతో మీకు పడని ఆహారాలు వందా నూటయాభై చెబుతామని వేలకి వేలు వసూలు చేస్తున్నాయి. ఐజీజీ పరీక్ష అంటారు దాన్ని. మీరు తరచుగా ఏం తింటున్నారో అది చెబుతుంది కాని, ఏది పడదో చెప్పదు. ఆ డబ్బుతో ఆహార నిపుణుల్ని ఓ రెండుసార్లు కలవవచ్చు. పెద్ద ప్రభుత్వాస్పత్రుల్లో డైటీషియన్లు ఉంటారు. ఓ.పి. చీటీ రాయించుకుని, మీ నోటుపుస్తకమూ, వేసుకుంటున్న మాత్రల అట్టలూ సంచిలో పెట్టుకుని వెళ్ళండి.